పునరుక్తి: దోషమా, పద్ధతా? ప్రయోగ నవలల్లో మాటల ఆట గురించి

నత్తనడక | శనివారం, రాత్రి 9.14

అందరికీ నమస్కారం. చెప్పిందే చెబితే స్కూల్లో మార్కులు కోసేవాళ్ళు, పక్కన ఎర్రసిరాతో 'పునరుక్తి దోషం' అని రాసి మరీ. తీరా చూస్తే ఇరవయ్యో శతాబ్దపు పేరున్న ప్రయోగ నవలలు చాలావరకు ఆ దోషాన్నే పెట్టుబడిగా పెట్టుకున్నాయి.

ఇప్పుడు శామ్యూల్ బెకెట్ 'మొలోయ్' చదువుతున్నాను. మొలోయ్ సముద్రపు ఒడ్డున పదహారు గులకరాళ్ళు ఏరుకుంటాడు, చప్పరించడానికి. పదహారూ అయ్యేదాకా ఏ రాయీ రెండోసారి నోట్లోకి రాకుండా ఉండాలంటే జేబుల్లో ఎలా సర్దాలి అని పేజీల తరబడి లెక్కలు వేస్తాడు. అక్కడ పుస్తకం మూసేశాను. అంతకుముందు గెర్ట్రూడ్ స్టైన్ 'ద మేకింగ్ ఆఫ్ అమెరికన్స్'తో కూడా ఇదే గొడవ. తొమ్మిది వందల పైచిలుకు పేజీలు, అవే వాక్యాలు కాస్త కాస్త మారుతూ తిరిగొస్తుంటాయి.

సూటిగా అడుగుతున్నాను. ఒకే మాట మళ్ళీ మళ్ళీ రావడం, మాటల్ని విరిచి అతకడం ఎక్కడ కథకి పనికొస్తోందో, ఎక్కడ రచయిత మన ఓపికకి పరీక్ష పెడుతున్నాడో మీరెలా తెలుసుకుంటారు? "పెద్ద రచయిత కాబట్టి ఏదో ఉంటుంది" అనే జవాబు వద్దండీ. ఒక చోటు తీసుకుని విప్పి చూపించండి.

కిటికీ సీటు | 9.31

దేవతావస్త్రాలు. కనబడలేదంటే తెలివితక్కువవాళ్ళం అనుకుంటారని అందరూ ఆహా అంటున్నారు. అంతే.

పాత పుస్తకాల అంగడి | 10.05

నత్తనడక గారూ, మీరు ఆగిన చోటునుంచే మొదలుపెడదాం. ఆ లెక్క ఒకసారి నింపాదిగా చూడండి.

ప్యాంటుకి రెండు జేబులు, ఓవర్‌కోటుకి రెండు. ఒక్కో జేబులో నాలుగేసి రాళ్ళు. కోటు కుడి జేబులోంచి ఒక రాయి నోట్లోకి వెళ్తుంది. ఆ ఖాళీలోకి ప్యాంటు కుడి జేబులోది ఒకటి, దాని ఖాళీలోకి ప్యాంటు ఎడమ జేబులోది, దాని ఖాళీలోకి కోటు ఎడమ జేబులోది, అక్కడికి నోట్లోంచి తీసిన రాయి. పైకి బ్రహ్మాండంగా ఉంది. కానీ జేబులో చెయ్యి పెడితే నాలుగింట్లో ఏది తగులుతుందో ఎవరికి తెలుసు? ఖర్మ కాలితే తిరిగి తిరిగి అవే నాలుగు రాళ్ళు నోట్లోకి రావచ్చు, మిగతా పన్నెండూ జేబులు మారుతూ ఊరేగుతుండొచ్చు. మొలోయ్ టెన్షన్ అంతా అదే.

చివరికి దారి దొరుకుతుంది. అన్ని జేబుల్లో సమానంగా ఉండాలన్న పట్టుదల వదిలేస్తే సరి: ఒకదాంట్లో ఆరు, రెండింట్లో ఐదేసి, ఒకటి ఖాళీ. వరస కుదిరింది. కానీ ఇప్పుడు బరువు ఒక పక్కకి లాగుతుంది, అదో బాధ. ఇంత చేశాక అసలు సంగతి చెప్తాడు: రాళ్ళన్నీ ఒకే రుచి. ఒక్కటి ఉంచుకుని మిగతావి పారేస్తాడు. ఆ ఒక్కటీ తర్వాత పోగొట్టుకున్నాడో, పారేశాడో, ఎవరికైనా ఇచ్చేశాడో, మింగేశాడో.

'జేబు', 'రాయి' అన్న మాటలు ఆ పేజీల్లో లెక్కలేనన్నిసార్లు వస్తాయి. మామూలు నవలలో మాట వస్తువుని చూపించి పక్కకి తప్పుకుంటుంది. ఇక్కడ తప్పుకోదు. కాసేపటికి రాయి కళ్ళముందునుంచి పోయి, లెక్కలో ఒక అంకె మిగులుతుంది. తర్కం ఎంత పకడ్బందీగా బిగిస్తే, దాని అడుగున ఉన్న పనికిమాలినతనం అంతగా బయటపడుతుంది. "మనిషి తర్కం వ్యర్థం" అని ఒక్క వాక్యంలో రాసుంటే తలూపి పేజీ తిప్పేసేవాళ్ళం. మన చేత జేబులన్నీ తిప్పించాక 'అన్నీ ఒకటే రుచి' అంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. ఆ మంట కావాలని పెట్టిందే.

దయచేసి ముందుకి చదవండి. రెండో భాగంలో మొరాన్ అనే మనిషి నివేదిక రాస్తాడు. మొదటి మాటలు: ఇది అర్ధరాత్రి, వాన కిటికీల మీద కొడుతోంది. ఆ భాగం ముగిసేటప్పుడు అవే మాటలు మళ్ళీ వస్తాయి, వెంటనే ఇంకో రెండు ముక్కలు: అప్పుడు అర్ధరాత్రి కాదు. వాన పడటం లేదు. మీరు అప్పటిదాకా చదివిన నివేదిక మొత్తం కాళ్ళకింద నేలలా కదులుతుంది. దానికి ఖర్చు రెండు చిన్న వాక్యాలు.

కంపైలర్ | 10.22

మొలోయ్ నయం. 'వాట్' చదివి చూడండి. యుద్ధకాలంలో నాజీ రహస్య పోలీసులు గెస్టపోకి దొరక్కుండా ఫ్రాన్స్ దక్షిణాన రూసియోన్ అనే పల్లెలో దాక్కున్నప్పుడు బెకెట్ రాసుకున్న నవల, 1953లో అచ్చయింది. అందులో ఐదుగురు సభ్యుల కమిటీ ఒకరినొకరు చూసుకోవాలి. ఐదుగురు తలా నలుగురిని చూస్తే చాలు, ఇరవై చూపులు. కానీ చూపులు కలవవు, ఒకడు చూసేసరికి అవతలివాడు ఇంకోవైపు తిరిగుంటాడు. అది మొత్తం ఒక్కొక్కటిగా రాస్తాడు. నా ఉద్యోగంలో దీన్ని నెస్టెడ్ లూప్ అంటాం, ఒక చుట్టు లోపల ఇంకో చుట్టు, కంప్యూటర్‌తో తిప్పించే పని. ఎవడూ చేత్తో రాయడు.

నాకు నచ్చింది దాని పిచ్చి కాదు. నౌకరు పేరు వాట్, యజమాని పేరు నాట్. ఇంగ్లీషులో చెవికి 'ఏమిటి?' అన్న ప్రశ్న, 'కాదు' అన్న జవాబు. నవలంతా ఆ రెండు పేర్ల మధ్యే. వాట్ ఆ ఇంట్లో ఒక కుండని చూసి 'కుండ, కుండ' అనుకుంటాడు, ఎంత అన్నా అది కుండ అనిపించదు. అచ్చం కుండలాగే ఉంటుంది, కుండ చేసే పనులన్నీ చేస్తుంది, కానీ ఆ పేరు దానికి అతుక్కోదు. ఒకే మాట పదిసార్లు పైకి అంటే అర్థం ఊడిపోవడం మనందరికీ తెలిసిన అనుభవమే. బెకెట్ దాన్ని ఒక మనిషి బతుకు చేశాడు.

కిటికీ సీటు | 10.40

> ఆ మంట కావాలని పెట్టిందే

మా ఏరియాలో గుంతల రోడ్డు కూడా కావాలనే వేశారేమో అడగాలి. జోకు అర్థమైంది సార్, ఒక పేజీలో చెప్పొచ్చు కదా? పైగా ఇది మాటల ఆట ఎలా అయింది, లెక్కల ఆట.

మూడో పేజీ | 11.18

కిటికీ సీటు గారూ, అయితే లెక్కలు లేని చోటు, ఎవరికైనా అర్థమయ్యే చోటు ఒకటి చెప్తాను. జేమ్స్ జాయిస్ 'యులిసీస్' (1922). కథ జరిగే రోజు 1904 జూన్ 16, ఊరు డబ్లిన్.

పొద్దున్నే లియోపోల్డ్ బ్లూమ్ పేపరు పట్టుకుని నడుస్తుంటే బాంటమ్ లయన్స్ అనేవాడు తగులుకుంటాడు. ఆ రోజు గుర్రప్పందేల వివరాలు చూడాలి, పేపరివ్వమంటాడు. వాణ్ణి వదిలించుకోవడానికి బ్లూమ్ "నువ్వే ఉంచుకో, పారేద్దామనే అనుకుంటున్నా" అంటాడు. పారెయ్యడానికి ఇంగ్లీషు మాట 'త్రో అవే'. ఆ రోజు ఆస్కాట్ గోల్డ్ కప్ పందెంలో పరిగెత్తే గుర్రాల్లో ఒకదాని పేరు 'త్రోఅవే'. బ్లూమ్‌కి ఆ సంగతే తెలీదు. లయన్స్ మాత్రం బ్లూమ్ గుట్టుగా టిప్పు చెప్పాడనుకుని, కాసి చూస్తానంటూ పరిగెత్తుతాడు.

మధ్యాహ్నం వీధిలో ఒక కుర్రాడు బ్లూమ్ చేతిలో కరపత్రం పెడతాడు, ప్రవక్త ఎలైజా వస్తున్నాడంటూ మతప్రచారం. కరపత్రాన్ని కూడా ఇంగ్లీషులో 'త్రోఅవే' అంటారు. జాయిస్ ఆ మాటే వాడతాడు. బ్లూమ్ దాన్ని ఉండచుట్టి లిఫీ నదిలోకి విసిరేస్తాడు. తర్వాతి అధ్యాయాల్లో ఒకచోట ఊరి జనమంతా తలో దారిన తిరుగుతుంటే, మధ్య మధ్యలో ఆ కాగితం ఉండ నది మీద తేలుతూ కనిపిస్తుంది. ఎవరూ దాన్ని పట్టించుకోరు.

సాయంత్రానికి త్రోఅవే గెలుస్తుంది, ఒకటికి ఇరవై. ఇది కల్పన కాదు, ఆ రోజు నిజంగానే ఆ గుర్రం అదే రేటుకి గెలిచింది. లయన్స్ ఎవరో వద్దంటే ఆ గుర్రం మీద కాయకుండా మానేస్తాడు, అది వేరే విషాదం. బారులో కూర్చున్నవాళ్ళు మాత్రం బ్లూమ్ డబ్బు కొట్టేశాడని, మనకి ఒక్క గ్లాసైనా పోయించకుండా జారుకుంటున్నాడని రుసరుసలాడతారు. యూదుడన్న ఏవగింపు వాళ్ళలో అప్పటికే ఉంది, దీంతో అగ్గికి ఆజ్యం. ఆఖరికి వెళ్ళిపోతున్నవాడి మీదకి బిస్కెట్ డబ్బా విసిరేదాకా వస్తుంది. పైసా కాయని మనిషికి ఈ సన్మానం!

ఒకే మాట పొద్దున ఒక క్రియ, తర్వాత గుర్రం, ఆ తర్వాత కాగితం, సాయంత్రానికి ఊరు విసిరేసిన మనిషి. జాయిస్ ఎక్కడా ఆగి 'చూశారా' అనడు. ఇందులో అర్థం కానిది ఏముంది చెప్పండి? నా మటుకు నాకు కొలత ఇదే: మాటను తీసేస్తే కథ ఆగిపోవాలి. 'త్రోఅవే' తీసేస్తే బారులో గొడవకి సగం కారణం పోతుంది.

నత్తనడక | 11.25

మూడో పేజీ గారూ, ఇది బాగుంది. యులిసీస్‌లో నేను చదివిన భాగంలో ఈ సంభాషణ ఉంది, గుర్రం సంగతి తట్టనే లేదు.

వసుచరిత్ర వీరాభిమాని | ఆదివారం, ఉదయం 7.02

రాత్రి ఇంత చర్చ జరిగింది, ఒక్కరికీ పింగళి సూరన గుర్తు రాలేదంటే బాధగా ఉంది. పదహారో శతాబ్దంలో 'రాఘవపాండవీయం' రాశాడు. ఒకలా విరిస్తే రామాయణం, ఇంకోలా విరిస్తే భారతం, కావ్యం పొడుగునా. జాయిస్ ఒక మాటకి నాలుగు పనులు చెప్పాడని మురిసిపోతున్నారు. ఇక్కడ ప్రతి పద్యమూ రెండు కథలు మోస్తోంది.

పైగా కొన్ని అక్షరాలు కావాలని వదిలేసి రాయడం అని ఫ్రెంచి నవలల్లో ఇంకో ఆట ఉందంటారు, అది కూడా ఫ్రెంచివాళ్ళు కనిపెట్టింది కాదు. దండి 'దశకుమారచరితం' ఏడో ఉచ్ఛ్వాసం చూడండి. మంత్రగుప్తుడు తన కథ మొత్తం పెదవులు కలవని అక్షరాలతోనే చెప్తాడు. పవర్గం లేదు. ఎందుకంటే ప్రియురాలు అతని పెదవి కొరికింది, నొప్పి! తెలుగులో మరింగంటి సింగరాచార్యులు రామకథనే నిరోష్ఠ్యంగా నడిపించాడు. రామకథలో 'రామ' అనకుండా!

కిటికీ సీటు | 7.20

"మనవాళ్ళు ఎప్పుడో చేసేశారు" ఇంకా రాలేదేంటా అని రాత్రంతా చూశాను 🙂

మూడో పేజీ | 8.47

వీరాభిమాని గారూ, సూరన ముందు ఎవరైనా దణ్ణం పెట్టాల్సిందే. కానీ రెండూ ఒకటే పని కాదని నా అభిప్రాయం.

సభంగశ్లేషలో, అంటే మాటని విరిచి రెండో అర్థం రాబట్టడంలో, విరుపు ముఖ్యం. 'కలవరమాయె' అంటే కంగారు. 'కల వరమాయె' అని విరిస్తే అదృష్టం. అక్షరాలు అవే, చదివేవాడు ఒకసారికి ఒక అర్థమే పట్టుకుంటాడు. రాముడి కథ నడిచేటప్పుడు ధర్మరాజు పక్కన నిలబడి తన వంతు కోసం చూస్తుంటాడు. రెండు కథలూ కలిసి మూడోది అవ్వవు, అవ్వకపోవడమే అక్కడి ఘనత.

జాయిస్ 'ఫినెగన్స్ వేక్' (1939) దీనికి తలకిందులు. విరవడు, గుద్ది కలిపేస్తాడు. పేరే చూడండి. టిమ్ ఫినెగన్ అనేవాడి మీద ఇదే పేరుతో ఒక ఐరిష్ జానపద పాట ఉంది. నిచ్చెన మీదనుంచి పడి చచ్చిపోయిన కూలివాడి శవం దగ్గర జాగారం చేస్తూ జనం తాగి కొట్టుకుంటే, విస్కీ మీద ఒలికి వాడు లేచి కూర్చుంటాడు. 'వేక్' అంటే శవజాగరణ, 'వేక్' అంటే మేలుకోవడం. పాట పేరులో 'ఫినెగన్ యొక్క' అనే అర్థానికి ఒక అపాస్ట్రఫీ ఉంటుంది. జాయిస్ దాన్ని తీసేశాడు. దాంతో ఫినెగన్లందరూ లేస్తున్నారు అన్న అర్థం కూడా దూరింది. చావునీ లేవడాన్నీ ఇక్కడ విడదీయలేం. అసలు కథే అది: పడటం, లేవడం, మళ్ళీ పడటం. పుస్తకం చివరి వాక్యం సగంలో ఆగిపోతుంది, మొదటి పేజీలో సగంలో మొదలైన వాక్యంతో కలుస్తుంది.

మొదటి పేజీలోనే వంద అక్షరాల మాట ఒకటి పడుతుంది, ఉరుము. అందులో జపనీస్ 'కమినారి', ఫ్రెంచి 'తొనేర్', ఇటాలియన్ 'తువోనో' ఇరుక్కుని ఉంటాయి, అన్నింటికీ అర్థం ఉరుమే. ఇలాంటివి పుస్తకంలో పది. తొమ్మిదింటికి వందేసి అక్షరాలు, పదోదానికి నూటొకటి. కూడితే 1001, అరేబియన్ నైట్స్ లెక్క. ఇక్కడ పునరుక్తీ మాటల ఆటా ఒకటైపోయాయి. ఒకే అర్థాన్ని ఒకే మాట లోపల అన్ని భాషల్లో మళ్ళీ మళ్ళీ అంటున్నాడు, చివరికి అది అర్థంగా కాకుండా చప్పుడుగా మిగులుతుంది. ఉరుముకి అర్థమేముంటుంది మరి?

పాత పుస్తకాల అంగడి | 9.30

వీరాభిమాని గారు దండి పేరెత్తడం నాకు బాగా ఉపయోగపడింది. ఎందుకంటే నిరోష్ఠ్యానికి ఆ కథలో కారణం ఉంది: గాయపడ్డ పెదవి. నియమం బయటినుంచి అతికించింది కాదు, పాత్ర ఒంటిమీద ఉంది.

జార్జ్ పెరెక్ 'లా దిస్పారిసియోఁ' (1969) దగ్గర కూడా నేను అదే చూస్తాను. దాదాపు మూడు వందల పేజీల ఫ్రెంచి నవల, ఎక్కడా 'ఇ' (e) అక్షరం లేదు. ఫ్రెంచిలో అన్నింటికన్నా ఎక్కువ వాడే అక్షరం అదే. పేరుకి అర్థం మాయమవడం. ఆంతోన్ వోయిల్ అనే మనిషి మాయమవుతాడు, స్నేహితులు వెతుకుతారు, ఏం పోయిందో తెలుసుకోబోయినవాళ్ళు ఒక్కొక్కరే చచ్చిపోతారు. ఆ అక్షరం వరసలో ఐదోది, పుస్తకంలో నాలుగో అధ్యాయం తర్వాత ఆరోది వస్తుంది.

సర్కస్ అనిపిస్తోందా? పెరెక్ తండ్రి 1940లో యుద్ధంలో పోయాడు. తల్లిని 1943లో నాజీల మృత్యు శిబిరం ఆష్విట్జ్‌కి పంపించేశారు. ఆ అక్షరం లేకుండా ఫ్రెంచిలో 'తండ్రి' అని రాయలేరు, 'తల్లి' అని రాయలేరు. తన పేరు కూడా రాసుకోలేడు, అందులో ఆ అక్షరం నాలుగుసార్లు ఉంది. ఫ్రెంచిలో ఆ అక్షరాన్ని పలికితే 'వాళ్ళు' అనే మాటలా వినిపిస్తుంది. వాళ్ళు లేని పుస్తకం. దుఃఖం గురించి ఒక్క ముక్క రాయలేదు, రాసే వీలు లేకుండా తనే తలుపు వేసుకున్నాడు.

మంత్రగుప్తుడి గాయం తీపి, పెరెక్‌ది కాదు. ఇద్దరి నియమం వెనకా ఒక నోరుంది.

కంపైలర్ | 9.41

స్పానిష్‌లోకి చేసినవాళ్ళు 'ఇ' వదల్లేదు, 'ఎ' (a) వదిలేశారు, ఆ భాషలో దెబ్బ దానికే గట్టిగా తగులుతుందని. నాకది అసలైన అనువాదం అనిపించింది.

పెరెక్ లాగా ఇలా నియమాలు పెట్టుకుని రాసే ఈ బ్యాచ్ పేరు ఊలిపో. రేమోఁ కెనో, ఫ్రాన్స్వా ల లియొనే 1960లో పారిస్‌లో మొదలుపెట్టారు. కెనో అంతకుముందే 1947లో 'ఎక్సర్సైజెస్ ఇన్ స్టైల్' తెచ్చాడు. కథ ఇంతే: ఎస్ నంబరు బస్సులో పొడుగు మెడవాడు పక్కవాడితో గొడవపడి, ఖాళీ సీటు కనబడగానే పోయి కూర్చుంటాడు. తర్వాత సెయింట్ లజార్ స్టేషన్ దగ్గర వాడి స్నేహితుడు కోటుకి ఇంకో గుండీ కుట్టించుకోమంటుంటాడు. దీన్నే 99 రకాలుగా రాశాడు. టెలిగ్రామ్‌లా, ఆఫీసు ఉత్తరంలా, సానెట్‌లా, కలలా. ఇది పునరుక్తా కాదా అంటే చెప్పడం కష్టం. సంఘటన రవ్వంత కూడా మారలేదు, కానీ ఆఫీసు ఉత్తరంలో ఆ గొడవ మీద ఎక్కడలేని గాంభీర్యం వస్తుంది, నవ్వాగదు. బస్సులో ఏం జరిగిందో యాభై రకాలు చదివాక తెలుస్తుందనుకుంటాం. ఎంత చదివితే అంత తెలీకుండా పోతుంది.

లలితా టీచర్ | ఉదయం 11.10

పిల్లలూ, ఆలస్యంగా వచ్చాను. నత్తనడక బాబూ, నువ్వు స్టైన్ గురించి కూడా అడిగావు, అందరూ ఆమెని దాటేశారు.

'రోజ్ ఈజ్ ఎ రోజ్ ఈజ్ ఎ రోజ్ ఈజ్ ఎ రోజ్' అన్న వాక్యం ఆమె 1913లో రాసింది. కొన్ని వందల ఏళ్ళుగా కవులు వాడి వాడి అరగదీసిన మాటని అంటూ పోతే దానికి మళ్ళీ రంగొస్తుందని ఆమె నమ్మకం. తర్వాత 1934లో అమెరికాలో ఉపన్యాసాలు ఇచ్చినప్పుడు తేల్చి చెప్పింది: పునరుక్తి అనేదే లేదు, నొక్కి చెప్పడం మాత్రమే ఉంది. కప్ప గెంతుతుంది చూడండి, ఏ రెండు గెంతులూ ఒకే దూరం కావు అంది. కచేరీ వినే అలవాటుంటే ఇది వింతగా ఉండదు. ఒక్క పల్లవి లైనుకి పది సంగతులు వేస్తే, అంటే అదే లైనుని కాస్త కాస్త మార్చి పదిసార్లు పాడితే, ఎవరైనా 'అదే పాడుతున్నావు' అంటారా? ఆ పదో సంగతి మొదటే పాడితే బోడిగా ఉంటుంది.

అయినా తొమ్మిది వందల పేజీల సంగతులు నాకూ పట్టవు. ఆ పుస్తకం 1911కే పూర్తయినా 1925 దాకా అచ్చు కాలేదంటే ప్రచురణకర్తలని తప్పు పట్టలేను. నువ్వు 'మిస్ ఫర్ అండ్ మిస్ స్కీన్' చదువు, కొద్ది పేజీలే. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి బతుకుతారు. 'గే' అన్న మాట అందులో కుప్పలు తెప్పలుగా వస్తుంది. అప్పటి మామూలు పాఠకుడికి అది హుషారు, సరదా. తెలిసినవాళ్ళకి ఇంకో అర్థం. దాచాల్సిన మాటని ఎవరైనా ఒక్కసారి గుసగుసగా అంటారు. ఈమె వాక్యానికోసారి గట్టిగా అంటుంది, అన్నకొద్దీ ఎవరికీ అనుమానం రాదు. పునరుక్తితో దాచడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇంకొకటి. అలె రోబ్-గ్రియె 'లా జలూజీ' (1957). ఫ్రెంచిలో జలూజీ అంటే అసూయ, కిటికీకి వేసే చెక్కపలకల తెర కూడా. వలస దేశంలో అరటితోట, అందులో బంగళా. భార్య పేరు ఎ అన్న అక్షరం, పక్కన మూడు చుక్కలు. పక్క తోట యజమాని ఫ్రాంక్ తరచూ భోజనానికి వస్తుంటాడు. చెప్పేవాడు భర్త. కానీ పుస్తకం మొత్తంలో ఒక్కసారి కూడా 'నేను' అనడు. బల్ల మీద ఎన్ని కంచాలు, వరండాలో ఎన్ని కుర్చీలు అని లెక్కపెడితే మూడో మనిషి ఉన్నాడని మనకి తెలుస్తుంది.

ఒక రాత్రి ఫ్రాంక్ లేచి గోడమీద జెర్రిని చంపుతాడు. మరక పడుతుంది. అంతే సంఘటన. కానీ ఆ జెర్రి మళ్ళీ చస్తుంది, మళ్ళీ, మళ్ళీ. ప్రతిసారీ కాస్త పెద్దదవుతుంది. ఫ్రాంక్‌తో టౌనుకి వెళ్ళిన భార్య కారు చెడిందంటూ ఆ రాత్రి తిరిగి రాదు. ఆ తర్వాత జెర్రి చచ్చే చోటు కూడా మారిపోతుంది, హోటల్ గది అయిపోతుంది. అనుమానం అన్న మాట లేదు, కోపం అన్న మాట లేదు. మన అందరి ఇళ్ళలోనూ అసూయ ఉన్న మనిషి చేసే పని ఇదే కదా, జరిగింది మళ్ళీ మళ్ళీ తిప్పి చూసుకోవడం. దానికి ఇంకో రూపం ఏముంటుంది?

మోడరేటర్ | 11.45

రెండు మనవులు. కొత్తగా వచ్చేవాళ్ళు కథ ముగింపులు చెప్పేటప్పుడు ముందు ఒక హెచ్చరిక పెట్టండి (మొలోయ్‌కి ఆలస్యమైపోయింది). 'అంపశయ్య' గురించి ఇద్దరు నాకు విడిగా మెసేజ్ పెట్టారు: చైతన్య స్రవంతి మీద వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. నవీన్ గారి ప్రయోగం ఆలోచనల వరస మీద, ఇక్కడి విషయం మాటల మీద.

కిటికీ సీటు | మధ్యాహ్నం 1.15

టీచర్ గారూ, జెర్రి గురించి మీరు చెప్పింది చదివి అన్నం సరిగ్గా తినలేదు.

సరే, నాకు నచ్చిన పునరుక్తి ఒకటి ఉంది, చెప్తాను. కర్ట్ వానెగట్ 'స్లాటర్‌హౌస్-ఫైవ్' (1969). ఎవరు చచ్చినా వెంటనే 'సో ఇట్ గోస్' అంటాడు. 'అంతే మరి' అనుకోండి. వందకు పైగా వస్తుంది. డ్రెస్‌డెన్ మీద 1945 ఫిబ్రవరిలో బాంబులు పడ్డప్పుడు వానెగట్ అక్కడే యుద్ధఖైదీ. ఆ ఊరి చావులకీ అదే మాట, బట్టల్లో పేలు చచ్చినా అదే మాట, షాంపేన్ సీసాలో నురగ చచ్చిపోయినా అదే మాట. మొదట్లో వేదాంతం అనిపిస్తుంది. తర్వాత చిరాకు. ఆ తర్వాత ఇంత చిన్న మాట ఇంతమందికి ఎలా సరిపోతుందని భయం వేస్తుంది. డిక్షనరీ అక్కర్లేదు, ముప్ఫై భాషలు అక్కర్లేదు.

నా గొడవ పునరుక్తితో కాదు. పాఠకుణ్ణి బయట నిలబెట్టి లోపల ఆడుకునేవాళ్ళతో.

మూడో పేజీ | 1.32

అయితే మీరు మొలోయ్ రాళ్ళని కూడా ఒప్పుకోవాలి. దానికీ డిక్షనరీ అక్కర్లేదు.

కిటికీ సీటు | 1.34

ఒప్పుకోను. వానెగట్ పుస్తకం సన్నగా ఉంటుంది.

అచ్చుతప్పు | సాయంత్రం 5.50

కొత్త సభ్యుణ్ణి. నా పేరుకి తగ్గ ఉదాహరణ ఒకటి. నబొకోవ్ 'పేల్ ఫైర్' (1962)లో జాన్ షేడ్ అనే కవి గుండె ఆగిపోయిన క్షణాన ఒక తెల్లటి ఫౌంటెన్ చూస్తాడు. తర్వాత పత్రికలో చదువుతాడు, ఇంకెవరో ఆవిడ కూడా చావు అంచుదాకా వెళ్ళి తెల్లటి ఫౌంటెన్ చూసిందట! పరలోకం ఉన్నట్టే అనుకుని వెతుక్కుంటూ వెళ్తాడు. తీరా ఆ వ్యాసం రాసినాయన్ని అడిగితే తాపీగా చెప్తాడు, అందులో చిన్న అచ్చుతప్పు పడిందండీ, ఫౌంటెన్ కాదు, మౌంటెన్. ఒక్క అక్షరం మారి పరలోకం పోయింది.

షేడ్ ఇంటికి తిరిగొస్తూ కుంగిపోడు. అచ్చుతప్పు మీద నిలబడ్డ పరలోకం అని నవ్వుకుని, అసలు సంగతి ఇక్కడే ఉందేమో అనుకుంటాడు: ఎవరో ఎక్కడో ఈ పోలికల్ని అల్లుతూ ఆడుకుంటున్నారు, నేనూ నా పద్యంలో అదే పని చెయ్యాలి అని. 'త్రోఅవే' లాగే ఇక్కడ కూడా మాట జారితే కథ నడిచింది. తేడా ఏంటంటే బ్లూమ్‌కి తన మాట ఏం చేసిందో సరిగ్గా అందదు, షేడ్‌కి అందుతుంది.

నత్తనడక | రాత్రి 8.20

అందరికీ థాంక్స్. ఇంకొక్కటి అడిగి ఆపుతాను. ఇందులో ఒకే ఒక్కటి ముందు చదవాలంటే ఏది? ఇంగ్లీషు అనువాదాలైనా పర్లేదు.

లలితా టీచర్ | 8.34

జలూజీ. నూటయాభై పేజీలు కూడా ఉండవు. రెండోసారి చదవాలని ముందే చెప్తున్నా.

కంపైలర్ | 8.36

కెనో. రోజుకి రెండు రకాలు చొప్పున, బస్సులో. ఆ తర్వాత కొర్తాసర్ 'హాప్‌స్కాచ్' (1963) పట్టండి. 155 అధ్యాయాలకి రచయితే రెండు వరసలు ఇచ్చాడు. రెండో వరస చివర 131 నుంచి 58కి, 58 నుంచి మళ్ళీ 131కి పంపిస్తాడు. ఎప్పుడు ఆపాలో మీ ఇష్టం.

పాత పుస్తకాల అంగడి | 8.50

మొలోయ్ పూర్తి చెయ్యండి ముందు. చేతిలో ఉన్న పుస్తకం కదా.

కిటికీ సీటు | 9.02

ఇంతసేపు ఉరుములు మెరుపులు అన్నారు, ఫినెగన్స్ వేక్ చదవమని ఒక్కళ్ళూ చెప్పలేదు చూశారా.

మూడో పేజీ | 9.10

చదవమని చెప్పను, వినమని చెప్తా. 1929లో జాయిస్ తన గొంతుతో రికార్డు చేసిన ముక్క నెట్‌లో దొరుకుతుంది, ఎనిమిది నిమిషాల పైచిలుకు. చీకటి పడుతుంటే నది ఒడ్డున ఇద్దరు చాకలివాళ్ళు అటొకరు ఇటొకరు బట్టలుతుకుతూ ఊరి కబుర్లు చెప్పుకుంటారు. నీళ్ళ చప్పుడు పెరిగి ఒకరి మాట ఒకరికి వినబడదు, ఏమన్నావ్ ఏమన్నావ్ అని అరుచుకుంటారు. అక్కడ మీకూ సరిగ్గా అర్థం కాదు, వాళ్ళకీ కాదు. బయట నిలబెట్టాడని ఇక అనలేరు.

కిటికీ సీటు | 9.41

విన్నాను. ఆయన యాస బాగుంది. పుస్తకం సంగతి తర్వాత మాట్లాడదాం.